ఖాళీ స్థలాలకి పన్ను వేస్తే ఇళ్ళు లేస్తాయా? మా వీధిలో చూసింది చెప్తాను

ఖాళీ స్థలాల మీద పన్ను గట్టిగా వేస్తే జనం ఇళ్ళు కడతారా అని అడిగారు. కొందరు కడతారు. అందరూ కాదు.

విజయనగరంలో గాజులరేగ వైపు మా నాన్నగారు 1998లో 5 సెంట్లు కొన్నారు. ఇరవై ఏళ్ళు అందులో పెరిగింది సర్కారు తుమ్మ ఒక్కటే. చెత్త అక్కడే పడేది, పందులు అక్కడే పడుకునేవి. ఖాళీ స్థలానికీ పన్ను ఉంటుందని మాకు తెలీదు. తీరా ఇల్లు కడదామని ప్లాన్ గీయించడానికి వెళ్తే సర్వేయర్ మొదటి మాటే "వీఎల్‌టీ రసీదు ఏదండీ?" అన్నాడు. వీఎల్‌టీ అంటే ఖాళీ స్థలం పన్ను. అప్పుడు అసెస్‌మెంట్ చేయించుకుని, అంటే స్థలాన్ని పన్ను లెక్కల్లోకి ఎక్కించుకుని, వెనకటి బాకీతో సహా కట్టాం. తప్పు మాదే, ఒప్పుకుంటాను. కానీ చూడండి, తుమ్మలు పెంచినన్నాళ్ళూ పైసా కట్టలేదు, పునాది తీస్తామనగానే బిల్లు వచ్చింది!

మాకు ఎడమ పక్క స్థలం విశాఖలో ఉండే ఒకాయనది. తుమ్మలు మా గోడ మీదకి వస్తున్నాయని ఫోన్ చేశాను. "భోగాపురం ఎయిర్‌పోర్ట్ వస్తోంది కదా బాబూ, ఇప్పుడు కట్టేసి ఏం చేస్తాం" అన్నారు. ఆయన లెక్క ఆయనది. స్థలం విలువ 20 లక్షలనుకోండి. అర శాతం పన్ను వేస్తే ఏడాదికి 10 వేలు. ధర అదే ఏడాదిలో 2 లక్షలు పెరిగితే ఆ 10 వేలు ఆయనకి వాచ్‌మన్ జీతం కింద లెక్క. పైగా పన్ను లెక్కేసేది రిజిస్ట్రేషన్ విలువ మీద, బజారు ధర మీద కాదు.

కుడి పక్కది అన్నదమ్ముల వాటా తగాదా. కేసు కోర్టులో నడుస్తోంది. వాళ్ళకి పన్ను పది రెట్లు చేసినా ఒక్క ఇటుక లేవదు. వీధి చివర అప్రూవల్ లేని లేఅవుట్ ఉంది. ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం) ఫీజు కట్టి క్రమబద్ధం చేయించుకుంటే గానీ ప్లాన్ రాదు. కట్టనివ్వకుండా, కట్టలేదని పన్ను వేయడం అన్యాయం.

ఈ భారం అద్దెకున్నవాళ్ళ మీద పడుతుందని కొందరి భయం. ఖాళీ స్థలంలో అద్దెకుండేది ఎవరండీ, పందులు తప్ప? పన్ను పెరిగిందని భూమి తగ్గిపోదు, పారిపోదు. పట్టి ఉంచడం ఖరీదైతే కొందరు అమ్ముకుంటారు, ధర కాస్త దిగుతుంది. నాకు ఈ పన్ను నచ్చేది అందుకే.

రేటు కంటే ముందు, ఏ స్థలాలు ఖాళీగా ఉన్నాయో జాబితా కావాలి. ఐర్లాండ్‌లో 2015లో చట్టం చేసి, ఖాళీ స్థలాలకి ముందు 3, తర్వాత 7 శాతం వేశారు. కాగితం మీద భయంకరమైన రేటే. స్థలాలు రిజిస్టరుకెక్కించడంలోనే లొసుగులు, మినహాయింపులు, అప్పీళ్ళు. వసూలైంది నామమాత్రం. చివరికి దాన్ని పక్కనపెట్టి, ఇళ్ళకి కేటాయించిన భూమి మీద వేరే పన్ను తెచ్చారు.

నన్నడిగితే, రోడ్డు, నీళ్ళు, కాలవ వచ్చిన వీధిలో మూడేళ్ళు దాటిన ఖాళీ స్థలానికి ఏటేటా రేటు పెంచాలి. ప్లాన్ పెట్టిన రోజునుంచి ఆపేయాలి. కోర్టు కేసులున్నవాటికి పాత రేటే ఉంచాలి.

మీకూ ఎక్కడైనా స్థలం పడి ఉంటే ముందు అసెస్‌మెంట్ నంబరు తీయించుకోండి. ప్లాన్ రోజున మాలాగా టెన్షన్ పడొద్దు.