అన్నీ ఉన్నా సైకాలజిస్ట్ ఎందుకు?

ప్రశ్న: మేడమ్, మావారు బ్యాంకులో 34 ఏళ్లు చేసి పోయినేడు రిటైరయ్యారు. పెన్షన్ వస్తోంది, పిల్లలు సెటిలయ్యారు. కానీ రాత్రిళ్లు నిద్రపోరు, ఎవరన్నా ఇంటికొస్తే గదిలోకెళ్లిపోతారు. మొన్న ఆయనే సైకాలజిస్ట్ దగ్గరికెళ్తానన్నారు. "అన్నయ్యకి ఏం తక్కువైందని?" అంటోంది మా ఆడపడుచు. నాకూ అర్థం కావట్లేదు.
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ఆయన తనంతట తానే అడిగారు చూడండి, అది చాలా పెద్ద విషయం, వెంటనే తీసుకెళ్లండి.

ఏదో తక్కువైతేనే వెళ్తారని మనం అనుకుంటాం. అమెరికన్ సైకాలజిస్ట్ జార్జ్ కెల్లీ 1955లో వేరేగా చెప్పారు. ప్రతి మనిషీ సైంటిస్ట్ లాంటివాడే, లోకం ఇలా ఉంటుంది, నేనంటే ఇది అని తన అనుభవంలోంచి ఒక లెక్క కట్టుకుని దాన్నిబట్టే రేపటిని ఊహించుకుంటూ బతుకుతాడు, ఆ లెక్క తప్పుతోందని కనబడుతున్నా వేరేది దొరక్క మళ్లీ మళ్లీ అదే వేస్తుంటే ఇరుక్కుపోతాడు. ఎదురుగా జరిగేది మన లెక్కల్లో ఎక్కడా ఇమడట్లేదని తెలియడమే ఆందోళన అంటారాయన.

మీవారి లెక్క "నేను పదిమందికి పనికొచ్చేవాణ్ణి" అనేదేమో. కౌంటర్ దగ్గర సార్ సార్ అంటూ నిలబడేవాళ్లు 34 ఏళ్లు దాన్ని రోజూ నిజం చేశారు, ఇప్పుడు చేసేవాళ్లు లేరు. ఇంటికొచ్చినవాళ్లు "ఇప్పుడేం చేస్తున్నారు?" అనడుగుతారు కదా, ఆయన తప్పించుకునేది ఆ ప్రశ్ననేనేమో. ఇది నా ఊహే, ఆయన్నే అడగండి. కెల్లీ కూడా అదే అనేవారు, ఏం ఇబ్బందో తెలియకపోతే ఆ మనిషినే అడగండి, చెప్పొచ్చు అని.

1930ల్లో కెల్లీ అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో పిల్లల ఇబ్బందులు చూడ్డానికి స్కూళ్లు తిరిగేవారు. పిల్లాడు సోమరి అని టీచర్ చెబితే, పిల్లాడితో పాటు ఆ టీచర్ సోమరితనం అని దేన్ని అంటున్నారో కూడా చూడాలని ఆయనకి అక్కడే తట్టింది. మీ ఆడపడుచు మాటా అంతే, అందులో ఆవిడ లెక్క ఉంది, అన్నయ్యది లేదు.

కెల్లీ పద్ధతి తెలిసిన సైకాలజిస్ట్ అయితే మీవారిని, మీ గురించి బాగా తెలిసి మీమీద అభిమానమున్న ఫ్రెండ్ రాసినట్టు మీ గురించి మీరే రాయండి అని అడగొచ్చు. ఆయన రాసింది మీరు అడక్కండి, ఆయనే చూపిస్తే చదవండి.

నిద్ర సంగతి డాక్టర్‌కి కూడా చెప్పండి, డిప్రెషన్ ఉందేమో చూస్తారు. బతకాలని లేదు లాంటి మాట వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, 24 గంటలూ ఉంటారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.