నవల సంగతి సరే, అక్క సంగతి చెప్పు

"నాకు 21 ఏళ్లు. డిగ్రీ చివరి సంవత్సరం. ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా నవోదయ హాస్టల్ బడిలో చదివాను. ఏడాదిగా ఒక కథల యాప్‌లో కలం పేరుతో నవల రాస్తున్నాను. అక్కడ పిల్లల్ని నాలుగు హౌస్‌లుగా, అంటే జట్లుగా, విడదీస్తారు. నా కథలో అరావళి హౌస్ కెప్టెన్ అమ్మాయి, ఉదయగిరి హౌస్ కెప్టెన్ అబ్బాయి, హౌస్ ట్రోఫీ కోసం పోటీ, ఆ పోటీలోంచే ప్రేమ. 38 భాగాలయ్యాయి. మూడు వారాల క్రితం మా అక్క ఆ లింక్ నాన్నకి పంపింది. అది నా సొంత కథేననుకుని నాన్న నాతో మాట్లాడటం మానేశారు. అక్క నాకన్నా రెండేళ్లు పెద్దది. తనకి నవోదయ సీటు రాలేదు, ఊళ్లో హైస్కూల్లోనే చదివింది. ఇప్పుడు పెళ్లయింది, పాప ఉంది. చిన్నప్పుడు ఎంత బాగుండేది! తన పాత గైడులో పెన్సిల్ టిక్కులన్నీ రబ్బరుతో చెరిపి మరీ నాకిచ్చింది. ఇప్పుడు మాత్రం అసూయ. ఏదో కామెడీ సీన్ చూసి ఫీలయిందట, అది వేరే విషయం. నవల డిలీట్ చేయమంటారా? లేక చివర్లో హీరో హీరోయిన్లను విడదీస్తే నాన్న శాంతిస్తారా?"

ముందు నువ్వడిగిన దానికి జవాబు చెప్పేస్తాను. డిలీట్ చేయకు. వాళ్లిద్దరినీ కలుపుతావో విడదీస్తావో నీ ఇష్టం. మీ నాన్నకు నీ క్లైమాక్స్‌తో పనిలేదు. ఆ అబ్బాయి నిజంగా ఉన్నాడా లేడా, అంతే ఆయన టెన్షన్. ఉంటే ఉన్నాడని చెప్పు, లేకపోతే లేడని చెప్పు. ఎదురుగా కూర్చుని నువ్వే చెప్పు, మధ్యలో అమ్మని రాయబారం పంపకు. నాన్నలు మాట్లాడటం మానేస్తే ఎన్నాళ్లు మానేస్తారు? ఏదో ఒక పూట "అన్నం తిన్నావా" అని అడుగుతారు. అక్కడితో అయిపోతుంది.

ఇక "అది వేరే విషయం" అన్నావు చూడు, నేను దాని గురించే రాయబోతున్నాను.

నువ్వు పంపిన లింక్ తెరిచి 38 భాగాలూ రెండు రాత్రుల్లో చదివాను. బాగా రాస్తున్నావమ్మా, మొహమాటానికి చెప్పడం లేదు. మెస్ బయట నల్లబల్ల మీద నాలుగు హౌస్‌ల పాయింట్లు రాయడం, రాత్రి అటెండెన్స్ అయ్యాక ఎవరో వెళ్లి ఒక అంకె మార్చేయడం నాకు నచ్చాయి. తొమ్మిదో తరగతిలో ఆ అబ్బాయి మైగ్రేషన్ మీద ఏడాది పాటు హిందీ రాష్ట్రంలోని నవోదయకు వెళ్లి, తిరిగొచ్చాక హిందీ వక్తృత్వంలో నీ హీరోయిన్‌ని ఓడించడం ఇంకా బాగుంది. అక్కడ చదివినవాళ్లకే తట్టే మలుపు అది. ప్రేమ కొంచెం ఎక్కువైంది, కెమిస్ట్రీ నోట్సు ఇచ్చిపుచ్చుకోవడం నాలుగుసార్లు వచ్చింది. సరే, నీ వయసులో రాసేది అదే.

ఇప్పుడు పదిహేడో భాగం. పేరెంట్స్ వచ్చే ఆదివారం. హీరోయిన్ రూమ్మేట్ కోసం వాళ్ల అక్క వస్తుంది. నూనె కారుతున్న జడ, తువ్వాల్లో కట్టిన స్టీలు క్యారేజీ. మెస్ కిటికీలోంచి తొంగిచూసి "ఇక్కడ గుడ్డు కూడా పెడతారా?" అని గట్టిగా అడుగుతుంది. వేపచెట్టు కింద కూర్చుని రుమాలు ముడి విప్పి తిరుగు బస్సు చార్జీ లెక్కపెట్టుకుంటుంది, ఒకసారి కాదు, రెండుసార్లు. వారం రోజులు డార్మిటరీ అంతా ఆమెను అనుకరిస్తూ నవ్వుతుంది. కింద కామెంట్లలో వరసగా నవ్వు బొమ్మలు.

డబ్బులు రెండోసారి లెక్కపెట్టడం ఇంట్లో కూర్చుని ఊహిస్తే తట్టేది కాదమ్మా. అది కళ్లారా చూసిందే. నువ్వు చూశావు. నీ పక్కన ఇంకెవరైనా ఉన్నారేమో, వాళ్లు చూస్తున్నారని నీకు సిగ్గేసిందేమో నాకు తెలియదు. పదీ పన్నెండేళ్ల పిల్లకు అలాంటి సిగ్గు రావడం తప్పు కాదు. 21 ఏళ్లకు దాన్ని ఇంకొకరి అక్కకు అంటగట్టి నలుగురినీ నవ్వించడం నాకు నచ్చలేదు. పైగా నీ హీరోయిన్‌కి అక్కే లేదు! ఎంత తెలివిగా తప్పించావో చూడు.

నీ అక్క చేసింది మాత్రం ఒప్పా అంటే, కాదు. నాన్నకి లింక్ పంపడం తప్పే. నీకు ఫోన్ చేసి తిట్టాల్సింది. కానీ ఎలా తిడుతుంది? "నన్నెందుకు ఎగతాళి చేశావే" అని అడగాలంటే ఆ రుమాలు తనదేనని ముందు ఒప్పుకోవాలి. అత్తగారింట్లో పరువుగా బతుకుతున్న మనిషి ఆ మాట నోటితో ఎలా అంటుంది? అందుకే "చెల్లి ప్రేమకథలు రాస్తోంది" అనే ఫిర్యాదు వెతుక్కుంది. దానికి నువ్వు పెట్టిన పేరు అసూయ.

ఆ మాట దగ్గర నాకు కోపం వచ్చింది. నవోదయ పరీక్ష ఐదో తరగతిలో రాసేది, అదీ ఒక్కసారే. తప్పితే ఇంకో ఛాన్స్ లేదు. వంద మార్కుల్లో యాభై బొమ్మల ప్రశ్నలవే, అద్దంలో ఎలా కనిపిస్తుంది, గుంపులో చేరని బొమ్మ ఏది అని. ఆ బొమ్మల మీద కుస్తీ పట్టిన పదేళ్ల పిల్లకు సీటు రాలేదు. రెండేళ్లకు అదే గైడు తీసి, చెల్లి తనంతట తాను చేసుకోవాలని టిక్కులన్నీ కూర్చుని చెరిపింది. అసూయ ఉన్న పిల్ల గైడు దాచేస్తుందమ్మా, రబ్బరు అరగదీసుకోదు.

నీ చదువు ఉచితమే, కాదనను. తిండి, బట్టలు, పుస్తకాలు అన్నీ నవోదయవాళ్లే ఇచ్చారు. తొమ్మిదో తరగతి నుంచి తీసుకునే నెల ఫీజు కూడా ఆడపిల్లలకు లేదు. కానీ క్యారేజీ సర్దడానికి తెల్లారకముందే లేచింది మీ ఇంట్లోవాళ్లే, బస్సులో నిలబడి వచ్చింది వాళ్లే. ఎప్పుడైనా అమ్మకు ఒంట్లో బాగోక అక్క ఒక్కతే వచ్చిన ఆదివారం ఉందా? గుర్తు తెచ్చుకో.

నేను ఒక పక్షం వహించి మాట్లాడుతున్నానని నాకు తెలుసు. నేనూ ఇంట్లో పెద్దదాన్నే. 1971లో సర్వేలు అనే ఊళ్లో గురుకులం, అంటే ప్రభుత్వ హాస్టల్ బడి, పెట్టాక, ఆ తర్వాత వచ్చిన వాటిలో ఒకదాంట్లో మా తమ్ముడికి సీటొచ్చింది. జంతికల డబ్బా మోసుకెళ్లే పని నాది. వాడు గేటు దగ్గరే డబ్బా అందుకుని "ఇక వెళ్లు, బస్సు పోతుంది" అనేవాడు. బస్సుకి ఇంకా గంట టైముండేది. వాడిప్పుడు పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు, పండక్కి చీర పెడతాడు. ఆ గంట గురించి మేమిద్దరం ఇంతవరకు మాట్లాడుకోలేదు. కాబట్టి మీ అక్క తరఫున నేను కాస్త ఎక్కువే వాదిస్తాను, ఏమనుకోకు.

ఏం చేయాలంటావా? అక్క దగ్గరికి వెళ్లు. ఫోన్‌లో సారీ చెప్పకు, మెసేజ్ అసలే పెట్టకు. "నిన్ను ఉద్దేశించి రాయలేదక్కా" అని మాత్రం అనొద్దు. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. "ఆ రోజు నాకు సిగ్గేసింది, అదే రాశాను" అను. ఆ తర్వాత ఆమె తిడితే తిట్టనీ, ఏడిస్తే ఏడవనీ. నాన్నకి ఎందుకు పంపావని ఆ రోజు అడగకు. పాపను ఎత్తుకుని ఆ సంగతి అటకెక్కించేయకు.

పదిహేడో భాగం ఏం చేయాలో కూడా ఆమెనే అడుగు. తీసేయమంటే ఆ రాత్రికి రాత్రే తీసేయి, పాఠకులకు సంజాయిషీలు ఇవ్వక్కర్లేదు. ఉంచమంటే నీకు పని పెరుగుతుంది. ఆ సీన్‌లో గుడ్డు గురించి అడిగాక ఆ అక్క ఇంకో మాట మాట్లాడలేదు, గమనించావా? వేపచెట్టు కింద కూర్చుని ఏమనుకుందో నీకు తెలియదు కాబట్టి రాయలేకపోయావు. తెలిసిన మనిషి ఉంది, ఇష్టమైతే చెబుతుంది. చెప్పకపోతే బలవంతపెట్టకు.

పరీక్షలయ్యాక వెళ్తానని వాయిదా వేయకు. ఈ ఆదివారమే వెళ్లు, ముందు రోజు ఫోన్ చేసి మరీ వెళ్లు. అత్తగారింట్లో ఉన్న మనిషి, చెప్పాపెట్టకుండా దిగితే ఆమెకే ఇబ్బంది.