లప్పం పెట్టకముందే గోడ చూడు బిడ్డా

బిడ్డా,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పిందంతా విన్నాను. మాఘంలో తమ్ముడి పెళ్లి, ఆలోపు ఇల్లంతా రంగులు వేయించాలి. వంటింటి నల్లా కారుతోంది, వెనక తలుపు పట్టేస్తోంది. మీ ఆయన హైదరాబాద్ నుంచి ఆదివారం తప్ప రాలేడు. ఎవరో ఒకతను వచ్చి ఇల్లు ఒక చుట్టు చుట్టి, అన్నీ నేనే చేస్తానని గుత్తకు ఒక మొత్తం చెప్పి, రేపే బయానా ఇవ్వమన్నాడన్నావు. ఇవ్వకు. అతను మోసం చేస్తాడని కాదు. అతను ఏమేం చేస్తానన్నాడో నీకు సరిగా తెలియదు, నీకు ఏమేం కావాలో అతనికీ తెలియదు. అట్లాంటప్పుడు చేతులు మారిన పైసలే తర్వాత గొడవవుతాయి.

ముప్పై ఏళ్లలో ఈ నల్లగొండ ఇంటికి నాలుగుసార్లు రంగులు వేయించాను. మీ పెదనాన్న డ్యూటీకి పోతే మేస్త్రీలతో మాట్లాడింది, లెక్క చూసింది, పక్కన నిలబడింది నేనే. అందుకే నీకింత గట్టిగా చెబుతున్నాను.

అన్నిటికంటే ముందు రంగుల కార్డు పక్కన పెట్టి గోడలు చూడు. పదేళ్ల కింద మా చిన్న పడకగదిలో, బాత్రూమ్‌కు ఆనుకుని ఉన్న గోడ మోకాలెత్తు దాకా చెమ్మగా ఉండేది. మేస్త్రికి చూపించాను. "ఏం కాదమ్మా, గీకి లప్పం పెడితే పోతుంది" అన్నాడు. లప్పమంటే గోడను నున్నగా చేసే పుట్టీ. నిజంగానే రంగు పడ్డాక అద్దంలా మెరిసింది, మనసు నిండి మొత్తం పైసలు ఇచ్చేశాను. దసరాకు వేసిన రంగు సంక్రాంతికి పొక్కులెక్కింది. ఒక పొక్కును వేలితో నొక్కితే అప్పడం విరిగినట్టు విరిగి, లోపల నుంచి తెల్లటి పిండి రాలింది. అది సున్నం కాదు, ఉప్పు. నీళ్లు గోడలో ఊరుతూ ఇటుకలో, సిమెంటులో ఉన్న ఉప్పును బయటికి తోస్తాయి. ఆ ఉప్పు రంగును వెనక నుంచి నెట్టేస్తుంది. ఆఖరికి బాత్రూమ్‌లో రెండు టైల్స్ పగలగొడితే గోడలో పైపు మలుపు దగ్గర పెట్టే ఎల్బో ముక్కలోంచి చుక్కచుక్క కారుతోంది. ఆ ఎల్బో ఖరీదెంత? దాన్ని ముందు చూడనందుకు గది మొత్తానికి రెండుసార్లు రంగు వేయించాను.

మీ వంటింటి వెనక గోడ కూడా నాకు అట్లాగే అనిపిస్తోంది. ఒక పాలిథీన్ కవర్‌ను జానెడు ముక్క కత్తిరించి, ఆ గోడకు నాలుగు వైపులా గాలి పోకుండా టేపు అంటించు. మర్నాడు చూడు. కవర్ లోపలి వైపు చెమట పట్టి ఉంటే గోడలో ఇంకా తేమ ఉన్నట్టే. ఇంకో పని చెయ్యి. రాత్రి పడుకునేముందు మోటారు ఆపి, నల్లాలన్నీ కట్టి, ట్యాంకులో నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో గీత పెట్టుకో. తెల్లారి గీత కిందికి దిగితే ఎక్కడో కారుతున్నట్టు. ఈ రెండూ చూడకుండా ఎవరినీ బ్రష్ పట్టనివ్వకు.

దీన్నిబట్టే పనుల వరస. ముందు ప్లంబర్, తర్వాత కరెంటు పని, ఆ తర్వాత గోడ పూడ్చే తాపీ మేస్త్రి, చివరికి రంగులు. కొత్త ప్లాస్టరింగ్ పడ్డచోట 28 రోజులు ఆగాలి. పెళ్లికి ఇంకా టైముంది కాబట్టి దీపావళి దాటగానే మొదలుపెడితే తొందర ఉండదు. దసరా, దీపావళి ముందు పెయింటర్లకు ఊపిరి సలపదు. అప్పుడు పట్టుబడితే రేటూ ఎక్కువ, పనీ హడావుడి. కార్తీకంలో వానలు తగ్గి, ఎండ మెత్తగా ఉంటుంది. బయటి గోడలకు మన ఎండాకాలం కూడా మంచిది కాదు. కాలిన గోడ మీద రంగు పడగానే ఎండి సరిగా పట్టదు.

వెనక తలుపు మాత్రం ఇప్పుడే చిత్రిక పట్టించకు. వానకు చెక్క ఉబ్బి ఉంటుంది. ఇప్పుడు గీకితే ఎండాకాలంలో సందు తెరుచుకుని బల్లులు దూరతాయి. ముందు తలుపును చట్రానికి పట్టి ఉంచే కబ్జాల స్క్రూలు వదులయ్యాయేమో చూసి బిగించమను. చాలాసార్లు తలుపు అక్కడే జారి కింద రాసుకుంటుంది. వంటింట్లో నల్లా ధార సన్నబడిందని కూడా అన్నావు కదా, దానికి మనిషిని పిలవాల్సిన పని లేదు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. నల్లా మూతికి ఉండే చిన్న జాలీని తిప్పి తీసి, ఒక రాత్రి నిమ్మరసంలో నానబెట్టి పాత పళ్ల బ్రష్‌తో తోము. కారడం వేరే, దానికి లోపలి వాషర్ గానీ, స్పిండిల్ గానీ మార్చాలి.

అన్ని పనులు వచ్చిన మనిషి దొరకడం అదృష్టమే. గొళ్లేలు, కర్టెన్ రాడ్లు, నల్లాలు, గ్రిల్ రంగు వరకు అతని చేతికే ఇవ్వు. కానీ మెయిన్ బోర్డు వైర్లు, డాబా మీద నీళ్లు దిగడం, పెద్ద నెర్రెలు అతనికి వదలకు. వెంట్రుకంత నెర్రెలు లప్పంతో పోతాయి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయే నెర్రె ఉంటే దాని రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాసి పెట్టుకో. నెలలో గీత దాటి పోయినా, రూపాయి బిళ్ల అంచు దూరేంత వెడల్పు ఉన్నా ఇంజినీర్‌కు చూపించాల్సిందే.

మనిషిని ఎట్లా చూసుకోవాలంటే, మొన్న రంగు వేసిన ఇల్లు చూపిస్తే నమ్మకు. కొత్తగా వేసింది ఎవరిదైనా బాగుంటుంది. పోయిన ఏడు వేసి, ఒక వానాకాలం దాటిన ఇల్లు చూపించమను. ఆ ఇంటికి పోయి గోడ మధ్యలో చూడకు. స్విచ్‌బోర్డు అంచులు చూడు, కిటికీ గ్రిల్ వెనకవైపు వేలితో తడుము, గోడ నేలకు కలిసే మూల చూడు. గ్రిల్ వెనక తుప్పు చేతికి తగిలితే అతను కనిపించే చోటే పని చేస్తాడు. ఆ ఇంటి ఆడవాళ్లను ఒక మాట అడుగు: చెప్పిన టైముకు వచ్చాడా, పోయేటప్పుడు నేల కడిగాడా అని. వాళ్లు చెప్పేదే నిజమైన సర్టిఫికెట్.

రేటు మాట్లాడేటప్పుడు ఉత్త మొత్తం కాదు, చదరపు అడుగు లెక్కన అడుగు. ఇంటి విస్తీర్ణం అడుగులు వేరు, గోడల అడుగులు వేరు. తకరారంతా అక్కడే వస్తుంది. టేపు తీసుకుని నువ్వే కొలువు, పిల్లవాణ్ణి ఒక కొస పట్టుకోమను. మీ ముందు గది పది, పన్నెండు అడుగులు, ఎత్తు పది అనుకో. చుట్టుకొలత 44, దాన్ని పదితో హెచ్చిస్తే 440. తలుపు, కిటికీ కింద ఒక 40 తీసేస్తే 400. పైకప్పు 120. మొత్తం 520 అడుగులు. లీటరు రంగు రెండు చేతులకు, అంటే రెండు పూతలకు, వంద అడుగుల చొప్పున వస్తుందనుకుంటే అయిదు లీటర్ల పైచిలుకు. ఎంత వస్తుందో డబ్బా మీదే రాసి ఉంటుంది, దాన్నే లెక్కకు పట్టుకో. తలుపులు, కిటికీలు కొలతలోంచి తీసేస్తాడా లేదా అనేది కూడా ముందే తేల్చుకో.

ఆ తర్వాత ఒక కాగితం మీద రాయి. ఏ గదులు, లప్పం ఎన్ని చేతులు, ప్రైమర్ ఉందా, రంగు రెండు చేతులా మూడా, ఏ కంపెనీ ఏ రకం, సామాను ఎవరు తేవాలి, మంచాలు బీరువాలు ఎవరు జరపాలి, ఎన్ని రోజులు. ఇది అపనమ్మకం కాదని అతనికి చెప్పు. ఇద్దరం మరచిపోకుండా ఉండడానికని చెప్పి, ఫోటో తీసి అతని వాట్సాప్‌కే పంపు. మంచి పనివాడు దీనికి సంతోషిస్తాడు. మధ్యలో మనం "ఇది కూడా చేసెయ్యి" అంటూ పని పెంచితే అతన్ని కాపాడేదీ ఆ కాగితమే.

సామాను మాత్రం నువ్వే కొను, బిల్లు తీసుకో. లప్పం బస్తాల్లో, రంగు డబ్బాల్లో పెయింటర్ల కోసం కంపెనీలు టోకెన్లు పెడతాయి. అందుకే కొందరు ఫలానా కంపెనీదే కావాలని పట్టుబడతారు. అందులో తప్పేమీ లేదు, ఆ టోకెన్లు అతనికే ఇస్తానని మొదటి రోజే చెప్పు. అతని లాభం అతనికి దక్కితే నీకు నచ్చిన రకం నువ్వు ఎంచుకోవచ్చు. షేడ్‌ను కార్డు చూసి ఖాయం చేయకు. చిన్న డబ్బా తెచ్చి గోడ మీద రెండడుగుల మేర వేయించి, పగలు ఒకసారి, రాత్రి ట్యూబ్‌లైట్ వెలుగులో ఒకసారి చూడు. మా హాలుకు గంధం రంగు అనుకుని వేయిస్తే రాత్రిపూట పచ్చకామెర్ల రంగులో కనిపించేది, అయిదేళ్లు భరించాను.

పని నడుస్తున్నప్పుడు రోజంతా కాపలా కాయాల్సిన పని లేదు. ఒక పొర మీద ఇంకో పొర వేసేముందు మాత్రం నిన్ను పిలవమని చెప్పు. లప్పం రుద్దడం అయ్యాక సాయంత్రం గదిలో లైట్లు ఆర్పి, ఫోన్ టార్చిని గోడకు ఆనించి పక్కవాటంగా వెయ్యి. గుంటలు, గీతలు నీడలు పడి చెప్పకనే చెబుతాయి. చాక్‌పీస్‌తో గుండ్రంగా గీసి వదిలెయ్యి, పొద్దున అతనే సరిచేస్తాడు. రంగు డబ్బా నీ ముందే మూత తీయాలి. నీళ్లు ఎంత కలపాలో కూడా డబ్బా మీదే ఉంటుంది. అంతకు మించి కలిపితే రంగు గోడ మీద నిలబడక ధారలు కడుతుంది. గ్రిల్‌కు తుప్పు గీకాక, మళ్లీ తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పూత పడాలి, అది ఎండాకే ఎనామిల్. స్విచ్‌బోర్డు రేకులు విప్పి వేయమను. ఆ గదికి కరెంటు ఆపి నువ్వే మెయిన్ బోర్డులో ఆ స్విచ్ (ఎంసీబీ) దగ్గర నిలబడు.

పాత తలుపులు, గ్రిల్స్ గీకేటప్పుడు పిల్లల్ని మీ అత్తమ్మ దగ్గరికి పంపు. ఇంట్లో వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లకు 90 పాళ్లు, దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. మీ ఇంటి గ్రిల్స్ రంగు అంతకంటే పాతది. ఆ దుమ్ము చిన్న పిల్లల ఒంట్లోకి పోవద్దు. తడిపి రుద్దమను, పనివాళ్లకు కూడా మాస్కులు తెచ్చివ్వు. బయటి గోడకు కర్రలు కట్టేటప్పుడు వీధిలో కరెంటు తీగలు ఎంత దూరంలో ఉన్నాయో నువ్వు కూడా చూడు. దగ్గరుంటే పని ఆపి, లైన్‌మన్‌ను పిలిచి మాట్లాడాకే ఎక్కనివ్వు. రోజు పోతే పోనీ.

పైసల సంగతి. బయానా కొంచెమే ఇవ్వు. లప్పం, ప్రైమర్ అయ్యాక ఒక వాయిదా, రంగు మొదటి చెయ్యి అయ్యాక ఇంకో వాయిదా, మిగిలింది నేల శుభ్రం చేసి, టచప్‌లు అయ్యాక. ఆ చివరి భాగం చిన్నదిగా పెట్టకు, ఎగ్గొట్టనూ వద్దు. కూలీలు పని కోసం నిలబడే అడ్డా మీద నుంచి రోజు కూలికి తెచ్చుకుంటే మాత్రం పొద్దు గూకేలోపు చేతిలో పెట్టు. నా పుట్టిల్లు పాలమూరు. ఊళ్లకు ఊళ్లు బస్సులెక్కి పనికి పోవడం, మేస్త్రి దగ్గర కూలి చిక్కుకుపోతే పండుగకు కూడా ఇల్లు చేరకపోవడం చిన్నప్పుడు కళ్లారా చూశాను. నా ఇంట్లో పని చేసిన మనిషి రేపు రా అనిపించుకుని వెళ్లడం నాకు ఇప్పటికీ నచ్చదు. పేరు పెట్టి పిలువు, పెద్దవాడైతే అన్నా అను, పదకొండు గంటలకు చాయ్, ఎండపూట మజ్జిగ ఇవ్వు. తప్పు కనిపిస్తే కూలీల ముందు మేస్త్రిని అనకు, పక్కకు పిలిచి చెప్పు.

మిగిలిన రంగు పారేయకు. చిన్న డబ్బాలోకి పోసి మూత గట్టిగా బిగించి, షేడ్ నంబరు, ఏ గదిదో, తేదీ మూత మీద రాసి పెట్టు. పెళ్లిలో కుర్చీలు తగిలి గోడలు గీసుకుపోవడం ఖాయం.

శనివారం పొద్దున బస్సుకు వస్తున్నాను, కొలత టేపు నేనే తెస్తాను. ఆ వంటింటి గోడకు కవర్ అంటించి పెట్టు, నేను వచ్చేదాకా తీయకు. గుత్త మాట్లాడిన అతన్ని ఆదివారం పది గంటలకు రమ్మను, అల్లుడు కూడా ఇంట్లో ఉంటాడు, అందరం కూర్చుని కాగితం రాద్దాం.

మీ పెద్దమ్మ
నల్లగొండ