నాలుగేళ్ల పాపకు ఇంట్లో చదవడం నేర్పవచ్చా?

ప్రశ్న: మేము కడపలో ఉంటాం. మా పాపకు నాలుగేళ్లు నిండుతున్నాయి, జూన్‌లో బడిలో చేర్చాలి. తెలుగు వర్ణమాల, ఏ నుంచి జెడ్ వరకు గడగడా అప్పజెబుతుంది గానీ ఒక్క పదమూ చదవలేదు. ట్యూషన్ పెట్టించాలా? ముందు తెలుగు నేర్పాలా, ఇంగ్లిషా?

జవాబు: మీ పాప ఏమాత్రం వెనుకబడలేదు. వరుసగా అప్పజెప్పడానికి జ్ఞాపకశక్తి చాలు. చదవాలంటే మాత్రం అక్షరాన్ని చూడగానే దాని ధ్వని తట్టాలి, ఆ ధ్వనులను కలిపినప్పుడు తనకు తెలిసిన మాటే అక్కడ ఉందని పోల్చుకోవాలి. 2020 జాతీయ విద్యా విధానం ఒకటో తరగతి ప్రవేశానికి ఆరేళ్ల వయసును సూచించింది, అంతకు ముందు చదువంతా ఆటపాటలతో సాగాలని చెప్పింది. ప్రవేశం కోసం పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష పెట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టంలోని 13వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి తొందర అక్కర్లేదు, ట్యూషన్ అసలే వద్దు.

ముందు చెవిని సిద్ధం చేయండి. 'క-డ-ప' అని ఒక్కో అక్షరానికి ఒక్కో చప్పట్లు కొట్టించండి. 'ప'తో మొదలయ్యే వస్తువులు ఇంట్లో ఏమున్నాయో వెతికించండి. తర్వాత అ, ఆల వరుసను పక్కన పెట్టి మీ ఊరి పేరుతోనే మొదలుపెట్టండి. కడప అనే మాటలో గుడి లేదు, కొమ్ము లేదు, ఒత్తు లేదు. ఉన్నవి మూడే అక్షరాలు, అవీ బస్సు బోర్డు మీద రోజూ కనిపించేవే. ఆ మూడింటికి గ చేరిస్తే గడప వస్తుంది, ల చేరిస్తే పలక, కల వస్తాయి, త చేరిస్తే తల, తడక వస్తాయి. ఇలా ఆరు అక్షరాలతోనే పాప అర్థమున్న పదాలు చదవగలుగుతుంది, తాను చదవగలనన్న నమ్మకం ఆ వయసులో పుట్టడం ఎంత విలువైనదో ఇంటర్ పూర్తయినా ప్రశ్నపత్రాన్ని తడబడుతూ చదివే విద్యార్థులతో మాట్లాడిన ప్రతిసారీ నాకు తెలిసి వస్తుంది. ప, వ, మ ఆకారాలు దగ్గరగా ఉంటాయి గనుక వాటిని ఒకే వారంలో నేర్పకండి. ఈ పదాలు తేలికయ్యాకే దీర్ఘం పరిచయం చేసి తాత, పాప చదివించండి, ఆ తర్వాత గుడి, కొమ్ము. ఒత్తులను బడికి వదిలేయవచ్చు.

రాయించడానికి పట్టుబట్టవద్దు, ఆ వేళ్లకు పెన్సిల్ పట్టు ఇంకా కుదరదు. ఇసుకలోనో, పళ్లెంలో పోసిన బియ్యప్పిండిలోనో వేలితో దిద్దిస్తే చాలు. రోజుకు పదిహేను నిమిషాలు మించకూడదు, పాప ముఖం తిప్పుకుంటే అప్పుడే ఆపేయాలి. రాత్రి పడుకునే ముందు మాత్రం మీలో ఒకరు వేలితో పదాలు చూపిస్తూ ఒక బొమ్మల కథ చదివి వినిపించండి. నేషనల్ బుక్ ట్రస్ట్ ప్రచురించిన తెలుగు పిల్లల పుస్తకాలు ఇందుకు బాగుంటాయి. అదే కథను వారం రోజులు అడిగినా విసుక్కోకండి, మీరు పేజీ తిప్పకముందే తర్వాతి మాట ఆమె నోటి నుంచి వస్తుంది.

ఇంగ్లిషు విషయానికి వస్తే, ఇంట్లో మాట్లాడే భాషలోనే ముందు చదవడం రావాలి. అక్షరానికీ ధ్వనికీ ఉన్న సంబంధం తెలుగులో స్పష్టంగా ఉంటుంది, ఇంగ్లిషులో ఒకే అక్షరం పదాన్ని బట్టి పలుకు మార్చుకుంటుంది. పాప తెలుగులో చిన్న వాక్యాలు చదివే వరకు ఇంగ్లిషును మాటలుగా, పాటలుగా విననివ్వండి.