సంఘాలు శాంతిగా కలిసి నడవాలంటే: మా టెక్కలి వైపు అనుభవం

వందనాలు బ్రదర్. మీ ఊళ్లో మూడు క్రైస్తవ సంఘాలున్నాయని, ఒకరి ముఖం ఒకరు చూసుకోరని, పైగా ఊరివాళ్లతో మైకు తగాదా కూడా ఉందని, యేసు చెప్పిన శాంతిని కలిసి పాటించడం ఎలా అని అడిగారు. ఐక్యత పేరుతో పెద్ద సభ మాత్రం పెట్టకండి. మా శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు అలాంటివి చాలా చూశాం, బిర్యానీ అయ్యాక ఎవరి దారి వారిదే.

ముందు ప్రార్థనలో దెప్పిపొడవడం ఆపించండి. "ప్రభువా, కొందరు కానుకల లెక్కలు అడుగుతున్నారు, వాళ్ల కళ్లు తెరువు తండ్రీ" అని కళ్లు మూసుకుని తిడతారు చూడండి, ఆ 'కొందరు' వెనక చాప మీదే కూర్చుని ఉంటారు. చెయ్యి ఎత్తకపోతే హింస కాదనుకుంటాం గానీ మా దగ్గర సంఘాలు చీలింది ఎక్కువగా ఇలాంటి మాటలకే. మేం పెట్టుకున్న కట్టుబాటు మత్తయి 18లో ఉన్నదే: కోపమొస్తే ముందు ఒంటరిగా వాళ్లింటికెళ్లి మాట్లాడాలి, వినకపోతే ఒకరిద్దర్ని తీసుకెళ్లాలి, సంఘం ముందుకు తెచ్చేది ఆ తర్వాతే. ఆ ఒకరిద్దరు పక్క సంఘం వాళ్లయి ఉండాలన్నది మేం కలుపుకున్నది. మన గుట్టు వాళ్లకెందుకని పెద్దలు గింజుకున్నారు, కానీ బయటి మనిషి ముందు అరవడానికి ఎవరికైనా మొహమాటమే కదా.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసినప్పుడు బాప్టిస్టులు, పెంతెకొస్తువాళ్లు, ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లు నష్టపోయినవాళ్ల కోసం ఒకే పొయ్యి మీద వండారు. బ్యానరు కట్టకూడదు, కరపత్రాలు పంచకూడదు, ఎవరింట్లో ఏ పటం ఉందో చూడకూడదు అని ముందే అనుకున్నాం. బాప్తిస్మం మీద వాదన అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు (తర్వాత వచ్చిందనుకోండి).

మైకు సంగతి తేలికే. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది. మేం ఎవరూ ఫిర్యాదు చేయకముందే గొట్టం మైకు దించేసి లోపల చిన్న బాక్సు పెట్టుకున్నాం, అమ్మవారి సంబరం రోజున ఆరాధన తొందరగా ముగించాం. తర్వాతి సంబరానికి ఏ టైముకి ఊరేగింపు పెట్టుకోవాలో సంబరం చేసేవాళ్లే వచ్చి అడిగారు.

కుర్రాళ్లు "కొడితే పడుంటామా, ఇది పిరికితనం" అంటారు. వాళ్లకి డిర్క్ విల్లెమ్స్ గురించి చెప్పండి. హాలెండ్‌లో అనాబాప్టిస్టు, అంటే పెద్దయ్యాకే బాప్తిస్మం అనే క్రైస్తవ శాఖవాడు, కత్తి పట్టని విశ్వాసం వాళ్లది. ఆ విశ్వాసానికే జైల్లో వేస్తే 1569లో తప్పించుకుని పారిపోతుంటే తరుముతున్నవాడు మంచు పగిలి నీళ్లలో పడ్డాడు, ఇతను వెనక్కి వెళ్లి పైకి లాగాడు, దాంతోనే దొరికిపోయాడు, సజీవంగా కాల్చేశారు. పిరికివాడు చేసే పనా అది?

ఇంకోటి, పాస్టర్లని కలపడంతో మొదలుపెట్టకండి, నెలలు పడుతుంది. స్త్రీల సమాజం వాళ్లని అడగండి. ఉపవాస ప్రార్థనలకి వాళ్లు ఎవరికీ చెప్పకుండా ఒకరింటికొకరు ఎప్పట్నుంచో వెళ్తూనే ఉంటారు.