తూకం తగ్గిస్తే ఖర్చు తగ్గుతుందా?

ప్రశ్న: పర్లాకిమిడిలో మాది జీడిపప్పు ప్యాకింగ్ యూనిట్. గంటకు 600 అరకిలో పాకెట్లు నింపుతాం. అరగంటకోసారి 4 పాకెట్లు తూచి సగటు చార్టులో వేస్తున్నాం. తేడా త్వరగా తెలియాలని హద్దు గీతలు 2 సిగ్మాల (సిగ్మా అంటే బరువులు మామూలుగా ఎంత అటూఇటూ అవుతాయో చెప్పే కొలత) దగ్గర గీశాం. తరచూ మెషీన్ ఆపాల్సి వస్తోంది, వెతికితే లోపమేదీ కనబడదు. ఇకపై 2 గంటలకోసారి తూస్తే ఖర్చు కలిసిరాదా?

జవాబు: రాదు. తూకాలు అలాగే ఉంచి, గీతలు 3 సిగ్మాలకు జరపండి. 2 సిగ్మాలతో అంతా సవ్యంగా ఉన్నా సగటున 22 తూకాలకు ఒకటి, అంటే 11 గంటలకోసారి, ఉత్తుత్తి హెచ్చరిక వస్తుంది. 3 సిగ్మాలతో అది 370 తూకాలకు ఒకటి.

ఇక డబ్బు లెక్క. ఈ అంకెలు ఉదాహరణకే, మీవి వేసుకోండి. తూకానికి కూలి 15 రూపాయలు, ఊరికే ఆపినందుకు నష్టం 1200, పప్పు కిలో 800, ఒక్కో పాకెట్ సిగ్మా 2 గ్రాములు (నాలుగింటి సగటుకు 1 గ్రాము, గీతలకు లెక్క ఇదే). పాకెట్లు నింపే ఫిల్లర్ సగటున 16 గంటలకోసారి 3 గ్రాములు ఎక్కువ పోయడం మొదలెడుతుందనుకుందాం. పట్టుకునేదాకా గంటకు 1.8 కిలోలు, 1440 రూపాయల పప్పు అదనంగా పోతుంది. గణాంకవేత్త డంకన్ 1956లో చూపిన దారిలో కూలి, ఊరికే ఆపిన నష్టం, అదనంగా పోయిన పప్పు కలిపి సుమారుగా లెక్కిస్తే, అరగంట తూకం 3 సిగ్మాలతో గంటకు 104 రూపాయలు, 2 సిగ్మాలతో 170. రెండు గంటల తూకమైతే 3 సిగ్మాలతోనూ 279. 3 సిగ్మాలతో అన్నిటికన్నా చవక 22 నిమిషాలకోసారి, 99 రూపాయలు. ఆ 5 రూపాయల కోసం అలవాటైన అరగంట మార్చనక్కర్లేదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: ఆపినందుకు నష్టం 300 రూపాయలే అయితే అరగంట తూకానికి 2 సిగ్మాలే చవక, 3 సిగ్మాల 99కి బదులు 88. అందుకే ముందు ఆ నష్టాన్ని సరిగ్గా కట్టండి.

గీతలకు 25 తూకాలు కావాలి. ప్రతి నాలుగు పాకెట్లలో ఎక్కువ, తక్కువ బరువుల తేడా రాసి, ఆ తేడాల సగటును 0.729తో గుణించండి. వచ్చినదాన్ని మధ్యగీతకు (అన్ని సగటుల సగటుకు) కలిపితే పైగీత, తీసేస్తే కిందిగీత. సగటు తేడా 4.1 గ్రాములు, మధ్యగీత 503 అయితే గీతలు 500, 506 దగ్గర పడతాయి. తేడాల చార్టుకు పైగీత 2.282 రెట్లు, 9.4. ముందు ఈ చార్టు చూడండి, ఇది అదుపులో లేకుంటే సగటు చార్టుకు అర్థం లేదు.

నాలుగూ ఒకే ఫిల్లర్ నోటి నుంచి వరసగా తీయాలి. రెండు నోళ్ల పాకెట్లు కలిపితే తేడా ఉబ్బి, గీతలు దూరం జరిగి, అసలు లోపం దాక్కుంటుంది. గ్రేడు మారితే గీతలూ మారాలి. డబ్ల్యు 320 గ్రేడులో ఒక్కో పప్పు సుమారు గ్రామున్నర, డబ్ల్యు 180లో రెండున్నర దాటుతుంది. ఒక్క పప్పు అటూఇటూ అయితే తూకం అంత కదులుతుంది.

ప్రశ్న: రాయగడలో మా రైస్ మిల్లులో సంచుల కుట్టు లోపం 2 శాతం. రోజుకు 20 సంచులు చూసి లోపాల శాతం చార్టు వేయొచ్చా?

జవాబు: వేసినా పనికిరాదు. రోజుకు సగటున 0.4 సంచే దొరుకుతుంది, చాలా రోజులు సున్నాయే. లోపం 4 శాతానికి పెరిగినా చార్టు పట్టుకునేసరికి సగటున 20 రోజులు దాటుతాయి. రోజుకు 250 సంచులు చూడండి. అది కుదరకపోతే, ఒక చెడ్డ సంచికీ మరో చెడ్డ సంచికీ మధ్య ఎన్ని మంచివి వచ్చాయో లెక్కపెట్టి, ఆ సంఖ్యనే చార్టులో వేయండి.