అండర్ బ్రిడ్జి ఎక్కేటప్పుడే ఆగిపోతోంది

ప్రశ్న: నాకు నలభై రెండేళ్లు. నెల రోజులుగా మావారి పాత కారులో డ్రైవింగ్ నేర్చుకుంటున్నాను. చదునైన రోడ్డు మీద పర్వాలేదు. రామలింగాపురం అండర్ బ్రిడ్జిలో ట్రాఫిక్ ఆగి మళ్లీ పైకి ఎక్కాలంటే మాత్రం ఇంజిన్ ఆగిపోతుంది, లేకపోతే కారు వెనక్కి జారుతుంది. వెనక హారన్లు, పక్కన మావారి కేకలు. ఆటోమేటిక్ కొనుక్కోమంటోంది మా చెల్లెలు. గేర్ల బండి నాకు చేతకాదంటారా?
- ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: చేతకాకపోవడమేమీ లేదమ్మా. మీ ఎడమకాలికి క్లచ్ ఇంకా అలవాటు కాలేదు, అంతే. నేను నేర్చుకుంది మా మేనమామ అంబాసిడర్‌లో. స్టీరింగ్ పక్కనే గేరు రాడ్డు ఉండే రకం. కావలి దగ్గర రైలుగేటు ఎత్తులో వెనక్కి జారి చెరకురసం బండికి తగిలించాను. ఆ బండాయన తిట్టకుండా ఓ గ్లాసు రసం చేతికిచ్చి, దానికి డబ్బులు మాత్రం వసూలు చేశాడు.

ఆగి ఉన్న కారులో ఇంజిన్ తిరుగుతుంటుంది, చక్రాలు తిరగవు. రెంటినీ కలిపేది క్లచ్ ప్లేటు. పెడల్ తొక్కితే విడిపోతాయి, వదిలితే కలుస్తాయి. తటాలున వదిలితే ఆ బరువు మోయలేక ఇంజిన్ ఆగిపోతుంది.

ప్లాట్లు వేసి ఇళ్లు కట్టని లేఅవుట్లకు నెల్లూరు చుట్టూ కొదవేముంది? ఆదివారం పొద్దున్నే అలాంటి చోటికి వెళ్లండి. సీటు ముందుకు జరుపుకోండి. క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగే ఉండాలి. హవాయి చెప్పులు వద్దు, జారతాయి. ఫస్ట్ గేరు వేసి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా క్లచ్ కొద్దికొద్దిగా వదలండి. ఒకచోట ఇంజిన్ శబ్దం బరువెక్కుతుంది, కారు సన్నగా వణుకుతుంది. పాదం అక్కడే ఆపండి. బండి దానంతటదే పాకుతుంది. డీజిల్ బండి తేలిగ్గా కదులుతుంది, పెట్రోలుకు ఇంకాస్త నిదానం కావాలి. ముప్పై, నలభైసార్లు ఇదే చేయండి. విసుగొస్తుంది, రానివ్వండి.

ఎత్తు మీద ఆగినప్పుడు హ్యాండ్ బ్రేకు వేయండి. ఫస్ట్ గేరు వేసి, కొంచెం రేజ్ ఇస్తూ, ఆ వణుకు వచ్చేదాకా క్లచ్ వదలండి. బానెట్ కాస్త పైకి లేచినట్టు అనిపించాక హ్యాండ్ బ్రేకు దించండి. జారదు. అలా క్లచ్ సగం వదిలి, హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టి ఉంచడం మాత్రం వద్దు. మాడు వాసన వచ్చిందంటే క్లచ్ ప్లేటు అరుగుతున్నట్టే, మార్పిస్తే బాగానే ఖర్చవుతుంది.

మీవారిని ఇంట్లో వదిలి వెళ్లమని చెప్పలేను. ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు) మీద నడిపేటప్పుడు పక్కన లైసెన్సున్న మనిషి ఉండాల్సిందే. అయితే, అయ్యా, మీరు కూడా ఇది చదువుతుంటే: కేకలేస్తే ఆవిడ కాలు ఇంకా బిగుసుకుంటుంది. హ్యాండ్ బ్రేకు మీద చెయ్యి పెట్టుకుని కూర్చోండి, చాలు.

ఆటోమేటిక్ కొనుక్కుంటే తప్పేం లేదు. కానీ అర్ధరాత్రి ఎవరినో ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వస్తే చేతికి దొరికేది పక్కింటివాళ్ల గేర్ల బండే కావచ్చు.

రెండు వారాలు అండర్ బ్రిడ్జి వైపు పోకండి. ఆ తర్వాత కూడా తెల్లవారి ట్రాఫిక్ లేనప్పుడు మొదలుపెట్టండి. వాన పడిన రోజు అసలే వద్దు. ఆ నీళ్లలో దిగాలంటే నాకే టెన్షన్.